సైరన్ మోగితే బయటికి

కరీంనగర్‌లో కూర్చొని బెల్లంపల్లి దిక్కు బడి పిల్లలకు ఆన్‌లైన్ పాఠం చెప్తుంటే, ఇవాళ వాళ్ల మైకులోంచి సైరన్ వినిపించింది. నేను చదువుకున్నదీ ఆ దిక్కునే.

మా ఊరి పక్కనే ఓపెన్‌కాస్ట్ బొగ్గు గని. మధ్యాహ్నం బ్లాస్టింగ్ సైరన్ మోగితే, కప్పు పెంకులు రాలతాయని పిల్లలమంతా గ్రౌండ్‌లోకి వెళ్లి నిలబడేవాళ్లం. నా మూడో తరగతిలో బడికి టీవీ వచ్చింది. హైదరాబాద్ నుంచి ఒక సారు అందులో లెక్కలు చెప్పేవారు.

ఒకరోజు సైరన్ మోగింది. అందరం బయటికొచ్చాం. సారు మాత్రం లోపలే ఉండి, గుణకారం చెప్పుకుంటూ పోతున్నారు. నేను కిటికీ దగ్గరికి ఉరికాను.

"సార్, బయటికి రాండ్రి! పెంకలు మీద పడ్తయ్!"

మా టీచర్ నా రెక్క పట్టుకొని వెనక్కి గుంజింది. "సారు ఈడ లేడే పిచ్చిదానా, హైదరాబాద్‌ల ఉన్నడు."

"మరి ఆడ సార్‌కు సైరన్ మోగిందని ఎవలు చెప్తరు టీచర్?"

గ్రౌండంతా నవ్వింది. నేను మాత్రం పేలుడు ఆగి, సారు గొంతు మళ్లీ వినిపించేదాకా కిటికీనే చూస్తూ నిలబడ్డాను.

ఇవాళ సైరన్ వినగానే పాఠం ఆపేశాను. "పోండ్రి, అందరు బయటికి పోండ్రి" అన్నాను. స్క్రీన్ మీద బెంచీలు ఖాళీ అయ్యాయి. చివరగా ఒక చిన్నపిల్ల గుమ్మం దాకా పోయి, వెనక్కి తిరిగి కెమెరా వైపు చూసింది.

"మేడం, మీరు సుత పోండ్రి."

నేను లేచి బాల్కనీలోకి వెళ్లి నిలబడ్డాను.