సార్ పెట్టెకు చేరే కాపీ

మా సార్ పోయారని గద్వాల బస్టాండులో ఉండగా ఫోన్ వచ్చింది. సెలవుకని అమ్రాబాద్ ఇంటికి పోయిన మనిషి, పొద్దున్నే గుండె ఆగి పోయారట. కాసేపటికి ఇంకొకరు ఫోన్ చేసి అదే మాట చెప్పారు. రెండో ఫోన్ వచ్చేదాకా నేను నమ్మలేదు. ఆయన అలవాటే నాకూ అంటుకుంది మరి.

మా విత్తన పరీక్షల ఆఫీసులో కంప్యూటర్ల బాధ్యతంతా ఆయనదే. నేను ఆయన కింద ఆపరేటర్ని. ఇంట్లో ఫోను లేని రోజుల్లో ఇంటికి కబురు పంపాలంటే ఆయన బస్సు కండక్టర్‌కు చెప్పేవారు. అదే బస్సెక్కిన ఊరివాళ్లెవరికో మళ్లీ చెప్పేవారు.

"కండక్టర్ చెప్తడు గద సార్?" అంటే, "చెప్తడు. మర్చిపోతే నేనేం జెయ్యాలె?" అని ఎదురడిగేవారు.

మెయిళ్ల దగ్గరా అదే చాదస్తం! పరీక్షల రిపోర్టు రోజూ సాయంత్రం దానంతటదే హైదరాబాద్ పెద్దాఫీసుకు పోయేలా ఒక స్క్రిప్టు రాయమన్నారు నన్ను. నల్లతెర మీద నాలుగు లైన్లు రాసి, నడిపించి, మురిసిపోతూ ఆయన్ని పిలిచాను.

"పోయిందా?"

"పోయింది సార్."

"ఏడుంది? చూపియ్యి."

పంపిన మెయిళ్లుండే సెంట్ ఫోల్డర్ తెరిచాను. ఖాళీ.

"మన చేతులతోని పంపిందే అండ్ల ఉంటది బిడ్డా. స్క్రిప్టు పంపినదాన్ని మనమే దాచుకోవాలె," అని ఇంకో లైను రాయించారు. ఆనాటి నుంచి వెళ్లే ప్రతి మెయిలుకూ ఒక కాపీ ఆయన మెయిల్ పెట్టెకు చేరేది. సాసర్లో టీ పోసుకుని ప్రతి కాపీనీ తెరిచి చదివేవారు. చూసి నాకు లోలోపల నవ్వొచ్చేది.

ఒక ఎండాకాలం అయిజ నుంచి, విత్తనాల కోసం సీడు పత్తి వేసిన ఒకామె వచ్చి ఆఫీసు మెట్ల మీద కూలబడింది. మా పరీక్షలో ఆమె విత్తనం పాసైంది. కానీ రిపోర్టు గడువులోగా అందలేదని పెద్దాఫీసు వాళ్లు ఫెయిల్ రాసుకున్నారు. ఫెయిలైతే ఆ విత్తనమంతా నూనె మిల్లుకు పోవాల్సిందే.

"కౌలు భూమి సారూ. పువ్వు పువ్వుకు చేతులతోని పుప్పొడి అద్ది క్రాసింగ్ చేసినం. జర చూడు సారూ," అని ఏడ్చింది.

"మీ సెంట్ ఫోల్డర్లో ఉందా?" అన్నారు ఫోన్లో పెద్దాఫీసు వాళ్లు. ఎక్కడుంటుంది? పంపింది స్క్రిప్టాయె. సార్ మాత్రం తన పెట్టెలోంచి ఆనాటి కాపీని తీసి, తేదీతో, వేళతో సహా వాళ్లకు పంపారు. వెతికితే వాళ్ల దగ్గరే ఏదో మూల దొరికిందట. సాయంత్రానికి పాస్ అని జవాబొచ్చింది.

ఆమె దండం పెట్టబోతే, "నాకెందుకమ్మా? నీ విత్తనం మంచిగున్నది, పాసైంది," అని సార్ పక్కకు తప్పుకున్నారు.

మొన్న సార్ దినకర్మ అయ్యాక ఆఫీసుకొచ్చాను. సార్ పెట్టె మూసేయాలి, స్క్రిప్టులో ఆయన అడ్రసు తీసెయ్యి అన్నారు పెద్దాఫీసు వాళ్లు. కాపీ నాకు వచ్చేలా నా అడ్రసు రాశాను. ఆయనది చెరపడానికి చెయ్యి రాలేదు. రేపు తీస్తానని చెప్పాను.

సాయంత్రం రిపోర్టు పోయింది. నా కాపీ తెరిచి, సార్ లాగే పై నుంచి కింది దాకా చదివాను. అయిజ ఆమె విత్తనం ఈసారీ పాసే. సార్ చూస్తే ఎంత సంబరపడేవారో! ఆయన పెట్టె కూడా తెరిచాను. ఆయన పోయిన నాటి నుంచి వచ్చిన కాపీలన్నీ, ఎవరూ చదవనివి, లావుపాటి అక్షరాల్లో వరసగా ఉన్నాయి. అన్నిటికన్నా పైన, ఇప్పుడే వచ్చిన ఈ రిపోర్టు.