ప్లాస్టిక్ చేపకు తొడుగు

మా మేనత్త ఉదయం దుకాణం తెరవగానే ముందురోజు కుట్టిన బట్టల్లో ఒకటి తీసి, తిరగదిప్పి, కిటికీ వెలుతురులో లోపలి కుట్టు చూసుకుంటుంది. పైకి కనబడేది అందరూ చూస్తారు, లోపలిది తనే చూడాలని ఆమె పట్టుదల. మెడలో ఎప్పుడూ కొలత టేపు వేలాడుతుంటుంది కాబట్టి చిన్నప్పుడు నేను టేపత్త అన్నాను. ఇప్పుడు వీధి వీధంతా ఆమెను అలాగే పిలుస్తుంది.

నాన్న ఆమెకు ఒక్కగానొక్క తమ్ముడు. బస్సు నడిపేవాడు. సెలవు దొరికితే చాలు, గాలం పట్టుకుని చెరువుకు పోయేవాడు. ఆయన వానపాములు వాడడు. నడుం దగ్గర కీలు ఉన్న గట్టి ప్లాస్టిక్ చేపలే ఎర. గాలం కర్రకున్న చక్రం తిప్పి దారాన్ని వేగంగా లాగితే అవి మునిగి, నడుం ఊపుతూ ఈదుతాయి. బతికున్న చేపే అనుకుని పెద్ద చేప వచ్చి పట్టుకుంటుంది.

పక్షవాతం వచ్చి తగ్గాక నాన్న కుడిచేయి మందగించింది. బస్సు వదులుకోవడాన్ని ఎలాగో తట్టుకున్నాడు. కానీ చక్రం వేగంగా తిప్పలేకపోతే ఎర మునగదు. పుల్లలా పైనే తేలుతూ వచ్చేది. ఒక ఆదివారం ఎరల డబ్బా తెచ్చి అత్త కుట్టుమిషను పక్కన పెట్టాడు.

"ఎవరికైనా ఇచ్చెయ్ అక్కా. ఇక నావల్ల కాదు."

"ఆ మాట అనడానికి నోరెలా వచ్చిందిరా? కొన్నాళ్లు నా దగ్గరుండనీ."

"ఏమైనా చెయ్యి గానీ, చిల్లు పెట్టకు, జిగురు పుయ్యకు. అవి ఉన్నవి ఉన్నట్టే ఉండాలి."

"పెట్టనులే మహానుభావా!"

అందుకే ఏది తగిలించినా మళ్లీ ఊడదీసేలా ఉండాల్సి వచ్చింది. కర్టెన్లు తిన్నగా వేలాడటానికి అంచు మడతలో వేసే సీసం పూసలు అత్త దగ్గర ఉన్నాయి. పాత గొడుగు గుడ్డ కత్తిరించి, కొక్కేలకు అడ్డం రాకుండా ఎరకు తొడుగు కుట్టింది. మెల్లగా లాగినా మునిగేలా పొట్ట కింది మడతలో బరువుకి పూసలు వేసింది. చివర చీలికలు చీలికలుగా తోక, మూయడానికి ఒక టిచ్ బటన్. ఎక్కడా ముడత లేకుండా ఒంటికి అతికినట్టు కుదిరింది.

చెరువులో నాన్న మెల్లగా లాగాడు. ఎర మునిగింది గానీ నడుం కదలలేదు.

"కోటు బ్రహ్మాండంగా ఉందక్కా. ఫొటోకి నిలబడ్డట్టు ఊపిరి బిగబట్టుకుని వస్తోంది పాపం!"

"నా కుట్టుకి వంక పెట్టిన మొదటివాడివి నువ్వేరా."

"కుట్టుకి కాదే తల్లీ. అది ఈదాలి కదా!"

అత్త రోషంగా ఇంటికొచ్చి తొడుగున్న ఎరను స్నానాలగది తొట్టిలో ఈ కొస నుంచి ఆ కొసకు లాగి చూసింది. అప్పుడు తెలిసింది. మనుషుల్ని నిటారుగా నిలబెట్టి కొలతలు తీసే అలవాటు కొద్దీ, ఎరను బల్ల మీద తిన్నగా పడుకోబెట్టి కొలిచేసింది. గుడ్డ కీలును బిగబట్టి ఉంచింది.

"వంచి కొలవాలిరా," అని ఫోనులో నాన్నతో గట్టిగా అంది. "రోజంతా కూర్చునేవాడికి ప్యాంటు కుట్టినట్టు!"

ఈసారి ఎరను అటూ ఇటూ వంచి కొలిచింది. కీలు దగ్గర రెండు పక్కలా కుచ్చు పెట్టి వదులిచ్చింది. తోక వైపు తేలిగ్గా ఊగేలా పూసలన్నీ కీలుకు ముందున్న సగం కిందకే జరిపింది.

మళ్లీ ఆదివారం నాన్న చేయి ఎంత మెల్లగా తిరిగితే ఎర అంత వయ్యారంగా ఈదింది. మూడోసారి విసిరినప్పుడు దారం బిగుసుకుంది. చేప పెద్దదేం కాదు. అయినా పక్కనున్నాయన గాలం వదిలేసి వచ్చాడు.

"ఈ రకం ఎక్కడ దొరుకుతుందండీ?"

నాన్న బటన్ విప్పి, తొడుగు ఊడదీసి, గీత కూడా పడని తన పాత ఎరను చూపించాడు. తర్వాత తొడుగును ఆయన అరచేతిలో తిరగదిప్పి పెట్టాడు.

"దొరకదండీ. మా అక్క కుట్టింది. లోపలి కుట్టు చూడండి."

వెనకే నిలబడి చూస్తున్న అత్త మొహం పక్కకు తిప్పుకుంది. కానీ ఆ నవ్వు దాచుకోవడం ఆమెవల్ల కాలేదు.

ఇప్పుడు టేపత్త స్కూలు యూనిఫారాలతో పాటు చెరువుకు వచ్చేవాళ్ల ఎరలకు తొడుగులు కూడా కుడుతుంది. నాన్న ప్రతి ఆదివారం గాలం వేస్తాడు. పక్కన మడతకుర్చీలో ఆమె కూర్చుంటుంది.