నర్సయ్య సార్ అడగాలనుకున్న ప్రశ్న

2020 చలికాలం. కరోనాతో బడులు మూతపడి, పిల్లలు లేని వరండాల్లో ఎండుటాకులు తిరుగుతున్న రోజులు. అప్పుడు నేను రామన్నపేట వైపు సీఆర్‌పీని. అంటే కొన్ని బడుల మధ్య తిరుగుతూ టీచర్లకు పాఠాల్లో సాయపడాల్సిన మనిషిని. నిజం చెప్పాలంటే, లిస్టులు మోయడమే ఎక్కువ.

ఆ ఏడాది టీచర్ల శిక్షణ ఫోన్‌లోకి వచ్చింది. ఒక్కో పాఠాన్ని మాడ్యూల్ అంటారు. వీడియోలు చూడాలి, క్విజ్ రాయాలి, చివరనున్న పెట్టెలో అనుభవమో సందేహమో రాసి పంపాలి. నిపుణులు జవాబిస్తారు. ఒకసారి పంపితే పెట్టె మళ్లీ తెరుచుకోదు. అందరి రిజిస్ట్రేషన్లూ నేనే చేశాను గనుక పాస్‌వర్డులన్నీ నా నోట్‌బుక్‌లోనే ఉండేవి. "మేడం, జర మీరే చేసెయ్యున్రి" అని ఫోన్లొచ్చేవి. నేనూ మహా హుషారుగా వీడియోలు పరుగెత్తించి, పెట్టెలో "మాడ్యూల్ చాలా బాగుంది" అని రాసి పంపేసేదాన్ని.

ఒక్క నర్సయ్య సార్‌ది మాత్రం మూడు వారాలుగా పెండింగ్. ఆయనది ఏకోపాధ్యాయ బడి. ఆయన మూలంగా మీటింగ్‌లో నాకు అక్షింతలు పడ్డాయి. ఒళ్లు మండి, ఆయన్ని అడగకుండానే పది నిమిషాల్లో పూర్తి చేసేశాను. సర్టిఫికెట్ కలర్ ప్రింట్ తీయించి, లామినేషన్ కూడా చేయించి స్కూటీ మీద బయల్దేరాను. మెచ్చుకుంటాడనుకున్నాను, ఎంత పిచ్చిదాన్నో!

ఆ ఊళ్లో సిగ్నల్ గుట్ట మీదే దొరుకుతుంది, సార్ అక్కడే ఉన్నాడన్నారు. పొగమంచు ఇంకా విడవలేదు. గొర్రెలు కనిపించవు, గంటల చప్పుడు మాత్రం వినిపిస్తోంది. ఆ తెల్లదనంలోంచి ఒక ఆడగొంతు, పిల్లలు ఎందుకు చదవలేకపోతారో మెల్లగా చెబుతోంది. కలలో నడుస్తున్నట్టే పైకెక్కాను. బండ మీద నర్సయ్య సార్, ఒళ్లో ఫోన్, పక్కన నోట్‌బుక్. కొంచెం దూరంలో ఆయన దగ్గర ఐదో తరగతి చదివే సుజాత, వాళ్ల అవ్వతో కలిసి గొర్రెలు కాస్తోంది.

సర్టిఫికెట్ అందించాను. అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఆఖరి పెట్టెల ఏం రాసినవమ్మా?"

"బాగుందని రాసిన సార్. అందరికి గదే రాస్త."

ఆయన కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. నోట్‌బుక్ నా చేతిలో పెట్టాడు. ఐదు నిమిషాల వీడియో చూడటం, ఫోన్ ఆపి అందులో చెప్పింది సుజాతతో చేయించడం, ఏమైందో రాసుకోవడం. మూడు వారాలుగా అదే పని. చివరి పేజీలో కొట్టివేతల మధ్య ఒక ప్రశ్న ఉంది: ఈ పిల్ల కథలు అల్లుతుంది, లెక్కలు నోటితో చెబుతుంది. పుస్తకం తెరిస్తే బిగుసుకుపోతుంది. నేనింకా ఏం చెయ్యాలి?

"వచ్చే యేడు నేను రిటైరైత. గీ పిల్ల పెద్దబడికి పోవాలె. సదువు రాకపాయె, గొర్లెంబడే ఉండనియ్యని ఇంట్ల అంటున్నరు. గందుకే అడుగుదామనుకున్న" అన్నాడు.

సిగ్గుతో చచ్చిపోయాను. "సార్, గీ ట్రైనింగ్ నాక్కూడ ఉన్నది. అందరిది చేసుకుంట నాది ఇడిసిపెట్టిన. నా పెట్టెల పంపుదం."

"పంపు. కని నీ పేరు మీద పోతది గద. వాళ్లు తిరిగి ఏమన్న అడిగితే? చూసి పంపు బిడ్డా."

ఆ పొద్దంతా ఆ బండ మీదే కూర్చుని, మొదటిసారి ఒక మాడ్యూల్ పూర్తిగా చూశాను. మంచు పలచబడి గొర్రెలు ఒక్కొక్కటే బయటపడ్డాయి. సాయంత్రానికి ప్రశ్న వెళ్లింది.

పది రోజులకు జవాబు వచ్చింది. ఒక్కటే వాక్యం: "పేజీలో తనకు ఏం కనిపిస్తోందో పాపను అడిగారా?"

నేను మళ్లీ గుట్టెక్కి సార్‌కు చదివి వినిపించాను. "ముప్పై యేండ్ల సంది చెప్తనే ఉన్న. ఒక్కనాడు అడగలే" అన్నాడు. సుజాతను పిలిచి అడిగాం. ఇది కూడా తెలియదా అన్నట్టు చూసిందా పిల్ల.

"అచ్చరాలన్ని ఒక్కపారే మీదికొస్తయ్ సార్, దొడ్డి తలుపు తీస్తె గొర్లు ఉరికినట్టు. ఒక్కొక్కటి ఇడిస్తె గద గుర్తుపట్టేది!"

సార్ ఒక అట్టముక్కలో ఒక్క మాట పట్టేంత సందు కోసి పుస్తకం మీద పెట్టాడు. సుజాత దాన్ని జరుపుతూ, ఆగుతూ, ఒక వాక్యం చదివింది. తర్వాత ఇంకొకటి.

"ఏందే, ఎవరు సదువుతున్నరు?" అని దూరం నుంచి అవ్వ కేకేసింది.

"నేనే అవ్వా!"

సార్ కళ్లు తుడుచుకున్నాడు. నేనూ అంతే.

ఇంటికొచ్చి పాస్‌వర్డులు మార్పించి ఎవరివి వాళ్లకు అప్పగించాను. చాలామంది తిట్టుకున్నారు. తిట్టనీ. ఆ పెట్టెలన్నీ "చాలా బాగుంది" అని నా చేతులతోనే మూసేశాను. వాళ్లు ఏం అడగాలనుకున్నారో నాకు ఇప్పటికీ తెలియదు.