పిన్నమ్మ మడిమలు

మొన్న కడపలో ఒక కాలేజీ వాళ్ళు పాటల రచన పోటీ పెట్టి నన్ను జడ్జీగా పిలిచారు. నాకు తోడు జడ్జీ ఒక కర్నూలు మిత్రుడు, తెలుగు లెక్చరరుగా రిటైరైన మనిషి. వచ్చిన పాటల నిండా పగిలిన నేల, బక్కెద్దు, ఎండిన కన్నీరు. ఈ పిల్లల్లో సగం మంది ఎద్దును దగ్గరగా చూసి ఉంటారా అని నా అనుమానం. విసుగ్గా తిరగేస్తూ పోతుంటే, అమ్మ పాదాల పగుళ్ళను బీడుపడిన చేనుతో పోల్చిన పాట ఒకటి వచ్చింది. మిత్రుడు కుర్చీలోంచి లేచినంత పని చేశాడు. "పోలికంటే ఇదప్పా! కండ్లకు కట్టినట్టుండాది" అన్నాడు. నేను మాత్రం దానికి తక్కువ మార్కులు వేశాను. అది చూసి, "ఏమప్పా, నీకేం పుట్టింది? అమ్మ కాళ్ళ మీద పాట గూడా నచ్చదా?" అని గదమాయించాడు. "వీడు ఆయమ్మను అడిగి రాసినాడా?" అన్నాను. పాటకు పర్మిషనేందని ఆయన పడీపడీ నవ్వాడు. నేను నవ్వలేకపోయాను.

మా చిన్నాయన బద్వేలు పక్క పల్లెలో చెక్కభజన గురువు. చేతిలో చెక్కలు వాయిస్తూ గుండ్రంగా తిరిగి ఎగిరే కుర్రకారుకు పాటలు కట్టి, అడుగులు నేర్పేవాడు. సేద్యం ఆయనకు పేరుకే. మేడి పట్టినా, గంప ఎత్తినా వేళ్ళు దాని మీద తాళం వేస్తూనే ఉండేవి. చేను పని చాలావరకు పిన్నమ్మే చూసుకునేది. మాదంతా ఒకే ఇల్లు కాబట్టి, సంగటి తినడానికి కూర్చున్నప్పుడల్లా ఆయనకూ మా నాయనకూ పాటలో పోలిక ఎట్లుండాలనే దాని మీద వాదులాట. కరువు మీద కొత్త పాట కడుతున్న ఏడు అది బాగా ముదిరింది. "నేల పగిలిందని చెప్పు, సాలదా?" అనేవాడు నాయన. "నేల పగిలిందంటే ఈడ ఎవురేడుస్తారు అన్నా? దినామూ తొక్కుతాండేదే కదా. యినేటోడు తల దించుకోవల్ల. అదీ పోలికంటే" అనేవాడు చిన్నాయన. అప్పట్లో నాకు చిన్నాయన మాటే గొప్పగా వినిపించేది.

చివరికి ఆయన కట్టిన చరణం ఇది: "ఆలి మడిమ పగులులోన యిత్తనం నాటితి, వానా, నువ్వొస్తావని." నాయన సంగటి ముద్ద పట్టుకునే తల దించుకున్నాడు. మాకు వడ్డిస్తున్న పిన్నమ్మ చేతిలో గరిటె మాత్రం ఆగిపోయింది. "ఆముదం తెచ్చిచ్చేదానికి తీరుబాటు లేదు గానీ, నా కాళ్ళ మీద పాట కట్టేదానికి ఉండాదే నీకు! ఆ ముక్క తీసెయ్" అంది. "అది తీస్తే పాటలో ఇంగేముంటాదే?" అని చిన్నాయన నవ్వుతూ బతిమాలాడు. నిజమే, ఏమీ ఉండదు. ఆ చరణం గొప్పదని ఈనాటికీ కాదనలేను. నా అసహ్యమంతా అక్కడే ఉంది. చెత్త పాటయితే ఊరు నాలుగు దినాలకు మరిచిపోయి ఆమెను వదిలేసేది.

తిరునాళ్ళలో పాట ఎత్తుకున్నారు. ఆ చరణం దగ్గర చెక్కలన్నీ ఆగి చిన్నాయన గొంతొక్కటే లేచింది. ముందు కూర్చున్న ఆడవాళ్ళంతా పిన్నమ్మ కాళ్ళ వైపు తిరిగారు. ఆమె చీర అంచు కిందికి లాక్కుంది. తరువాత పాట పేరు చుట్టుపక్కలంతా పాకింది. బద్వేలులో ఒక పెద్దమనిషి పిలిపించి పాడించుకున్నాడు. పిన్నమ్మతో పాటు నేనూ వెంట పోయాను. ఆయన చిన్నాయనకు శాలువా కప్పి, "ఆ మడిమెలు ఈమెవేనా?" అన్నాడు. "ఈమెవేనయ్యా" అని చిన్నాయన ఆమెను భుజం పట్టి ముందుకు తెచ్చాడు. "ఏదీ, ఒకసారి చూపీమ్మా" అన్నాడు పెద్దమనిషి. సంతలో ఎద్దు పళ్ళు చూసినట్టు నలుగురు వంగారు. ఒకడు "అబ్బా, నిజమే" అని కూడా అన్నాడు. చిన్నాయన శాలువా సర్దుకుంటూ నవ్వుతున్నాడు. పిన్నమ్మ బయటికి నడిచి, బస్టాండుకు పోయి ఊరి బస్సెక్కింది. ఆ పాట పాడేచోటికి ఆమె మళ్ళీ రాలేదు. చిన్నాయన బతికున్నన్నాళ్ళూ ఆ చరణం తీయలేదు.

ఆయన పోయాక పిన్నమ్మ కడపలో కూతురింటికి చేరింది. చేను లేదు, ముళ్ళు లేవు, ఇంట్లో కూడా చెప్పులే. ఒకసారి చూడ్డానికి పోతే మంచం మీద కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి ముడుచుకోలేదు. "చూడు నాయనా, పసిబిడ్డ కాళ్ళ మాదిరి అయినాయి. ఇప్పుడెవురన్నా అడిగితే చూపీవచ్చు" అంది. నవ్వుతూనే అంది గానీ, నాకు ఆ గదిలో కూర్చోబుద్ధి కాలేదు. ఆమె కూడా పోయి చాలా కాలమైంది. ఆ పాట మాత్రం మా పల్లెల్లో ఇంకా పాడుతున్నారు, విన్నవాళ్ళు ఇంకా తల దించుకుంటున్నారు. కాలానికి ఆమె మడిమలను మాన్పడం చేతనైంది గానీ, పాటలోంచి వాటిని తీసి ఆమెకివ్వడం చేతకాలేదు.