పొట్టేలు గుడ్డ విప్పిన ఏడాది

మొన్న దీపావళి వెళ్లిన కొన్నాళ్లకు, మనుమని భార్య దొడ్డిలో నుంచి వచ్చి చేతులు కూడా కడుక్కోకుండా నా మంచం పక్కన నిలబడింది. పెండ్లై వచ్చిన కొత్తలో ఆ పిల్ల తోక చూసి గొర్రెకూ మేకకూ తేడా చెప్పలేకపోయేది. ఇప్పుడు మంద మొత్తం తనే చూసుకుంటోంది. నేను తిట్టి నేర్పానని ఊళ్లో అంటారు. తిట్టిన మాట నిజమే, నేర్చుకున్నది మాత్రం తను. "అవ్వా, పొట్టేలు గుడ్డ ఇప్పుదమా? కొన్ని గొర్లు సూలు కట్టలే. ఉత్తగ తింటున్నయి" అంది. రెండేండ్లలో మూడు ఈతల పిల్లలు తీయవచ్చని ఎవరో ఫోన్లో చెప్పారట, అదీ చూపించింది. పక్క మంచం మీద నా యారాలు, అంటే నా మరిది భార్య, అనపకాయలు ఒలుస్తోంది. ఆమె చెయ్యి ఆగలేదు. చాటలో గింజలు పడుతున్న చప్పుడు వినబడుతూనే ఉంది. చేతులు కడుక్కోలేదేమని నేను ఆ పిల్లనే కసిరాను.

పొట్టేలు గుడ్డ అంటే ఏమిటో తెలియనివాళ్లకు చెబుతాను. పాత గోనెసంచి ముక్కను తాళ్లతో పొట్టేలు నడుముకు కట్టి పొట్ట కిందికి వేలాడదీస్తాం. అది మందలోనే తిరుగుతుంది, గొర్రెల వెంట పడుతుంది, మూతి పైకెత్తి వాసన చూస్తుంది, పని మాత్రం జరగదు. పట్నం చుట్టాలు చూసి దానికి చలి పెడుతోందా అని అడుగుతారు. ఆషాఢంలో పచ్చిక లేచి, గొర్రెల ఒళ్లు తేరుకున్నాక ఆ గుడ్డ విప్పి, శ్రావణం దాటగానే మళ్లీ కడతాం. గొర్రె మోసేది ఐదు నెలలు. ఆషాఢంలో సూలు కట్టినది, అంటే కడుపు పండినది, మార్గశిరంలోనో పుష్యంలోనో ఈనుతుంది. అప్పటికి వరి కోసిన మళ్లలో మేత ఉంటుంది, తల్లికి పాలుంటాయి, ఎండలు ముదిరే నాటికి పిల్ల తన కాళ్ల మీద నడుస్తుంది. మా అత్త నాకు అప్పజెప్పిన లెక్క ఇది. నేను మూడో తరగతితో బడి మానిన మనిషిని. రాతకోతలు అంతంత మాత్రమే, కాని ఏ నెలలో గుడ్డ విప్పితే ఏ నెలలో పిల్ల పడుతుందో నిద్రలో అడిగినా చెబుతాను. తెలియక చేసి ఉంటే నాకు ఇంత బాధ ఉండేది కాదు.

మిగతా అన్నిటిలో నేను గట్టిదాన్నే. తొలకరి పడి నేల మీద పచ్చని నూగు కనబడగానే గొర్రెలు పిచ్చెత్తినట్లు పరుగెత్తుతాయి. ఖాళీ కడుపుతో ఆ లేతగడ్డి మీద పడ్డాయా, చిటుక రోగం వచ్చి పొద్దున గెంతిన గొర్రె మధ్యాహ్నానికి కాళ్లు చాపేస్తుంది. అందుకే వానలకు ముందే పశువుల దవాఖానలో టీకా వేయించి, ఇంత ఎండు చొప్ప కడుపులో పడ్డాకనే దొడ్డి గేటు తీయాలి. వానాకాలం మంచు ఆరకముందు మేతకు తోలకూడదు. చెరువు అంచున నిలిచిన నీళ్ల పక్క గడ్డి ఎంత పచ్చగా ఉన్నా దాని ముఖం చూడకూడదు, గొర్రె కడుపులో నట్టల పురుగులు పట్టేది అక్కడే. కోసిన జొన్నచేలో మళ్లీ లేచిన పిలకలు విషం. మా వైపు కంచె అంటే ముళ్ల కంప కాదు, గడ్డి బీడు. దాన్ని రెండు చేసి, ఒక సగం దసరా దాటి గడ్డి గింజ రాలేదాకా మూసి ఉంచాలి. గింజ రాలకముందు మేపితే ఆ ఏడాది కడుపు నిండుతుంది, వచ్చే ఏడాది రాళ్లు మేపుకోవాలి. ఇవన్నీ పాటించాను, అందరి చేతా పాటింపజేశాను. ఒకసారి మా మరిది చెరువు కింద మేపుకొచ్చాడని రాత్రి అతనికి చారులో కూర ముక్క వేయలేదు. అతను కంచంలోకి చూసి, "వదినె, గొర్లు తిన్నదానికి నాకెందుకు ఉపాసం" అన్నాడు. నవ్వు వచ్చినా నవ్వలేదు.

మా అత్త పోయాక ఇంటి తాళాలు నా కొంగుకు వచ్చాయి. మా ఊరు బచ్చన్నపేట దగ్గర, మెట్ట పొలాల ఊరు. ఎండాకాలం గొర్రెకు అక్కడ తుమ్మకాయ తప్ప ఏమీ దొరకదు. అందుకని ఏటా ఉగాదికి అటూ ఇటూగా మరిది, యారాలు మందను తోలుకుని పాలకుర్తి మీదుగా మానుకోట వైపు దిగి, అక్కడి నుంచి భూపాలపల్లి అడవులకు పోయేవారు. తొలి వానలకు తిరిగొచ్చేవారు. నేనూ మా ఆయనా ఇల్లూ పొలమూ పట్టుకుని ఊళ్లోనే ఉండేవాళ్లం. చెట్టు కింద వండుకుని, చెట్టు కిందే పడుకుని నడిచేది వాళ్లు. నా పిల్లలు పుట్టింది, పెరిగింది పైకప్పు కింద. యారాలికి పెండ్లయి చాలా ఏండ్లయినా కడుపు పండలేదు. నా పిల్లలు ఆమె వీపు మీదనే పెరిగారు కాబట్టి ఆమెకు ఆ లోటు లేదని నేను అనుకునేదాన్ని. అడగలేదు, అనుకున్నాను.

చాలా ఏండ్ల కిందటి మాట, ఆ ఏడాది వానలు బాగా కురిశాయి. కంచెలో గడ్డి మోకాలి దాకా వచ్చింది. కార్తీకంలో చూస్తే, ఆషాఢంలో సూలు కట్టని గొర్రెలు కొన్ని మేసి మేసి నున్నగా తేలాయి. నా కండ్లకు అవి సుఖంగా కూర్చుని తినే చుట్టాల్లాగా కనబడ్డాయి. ఇంట్లో చిరిగిన గుడ్డను దీపం వత్తికి, వత్తి మసిని పిల్లల కాటుకకు వాడిన మనిషిని నేను. పొట్టేలు గుడ్డ విప్పుదామని చెప్పాను. మరిది తల గోక్కున్నాడు. యారాలే నెమ్మదిగా అంది: "అక్కా, ఇప్పుడు ఇప్పితే సైత్రంల ఈన్తయి. గప్పటికి మేము తొవ్వల ఉంటం. పసిపిల్లలు ఆ ఎండల ఎట్ల నడుస్తయి?"

నేను పొయ్యి దగ్గర ఉన్నాను. వెనక్కి తిరగలేదు. "సూలు లేక ఉత్తగ తినేదానికి నా ఇంట్ల మేత లేదు" అన్నాను.

గొర్రెల గురించే అన్నాను. ఇన్నేండ్లూ ఆ మాటే నాకు నేను చెప్పుకున్నాను. కాని నోరు దాటగానే అది ఎక్కడికి పోయి తగిలిందో నాకు తెలిసింది. తెలిసీ వెనక్కి తిరగలేదు, పిండి పిసుకుతూ ఉండిపోయాను. మరునాడు పొద్దున లేచి చూస్తే పొట్టేలు గుడ్డ గోడ మీద ఆరేసి ఉంది. ఆమే విప్పింది.

చైత్రంలో వాళ్లు బయలుదేరేటప్పుడు కొన్ని గొర్రెలు బరువుగా, వెనకబడి నడిచాయి. చద్దిమూటలు కట్టి ఇచ్చాను, ఏ తాడు ఎక్కడ పారేయకూడదో చెప్పాను. కొన్నాళ్లకు ఎవరిదో పెండ్లికని అటునుంచి తిరిగొచ్చిన ఇంకో కాపరి మా వాకిట్లో నిలబడి చెప్పాడు: గొర్రెలు తొవ్వలోనే ఈనాయట, పచ్చి మేత లేక తల్లుల పొదుగులు ఎండిపోయాయట. మానుకోట అవతల ఒక తండాలో మీ యారాలు ఆ పిల్లలను పట్టుకుని కూర్చుంది, కదలనంటోంది, మీ మరిది ఒక్కడే మందతో అడవికి పోయాడు. నాకు ముందు కోపం వచ్చింది. ఎండలో పరాయి తండాలో ఆడమనిషి ఒక్కతి కూర్చోవడం ఏమిటని. ఆమెను ఇంటికి తీసుకొస్తానని బస్సెక్కాను. గొర్రెపిల్లలను కూడా తెచ్చుకోవచ్చని రెండు గంపలు పట్టుకుపోయాను. కండక్టరు, "పెద్దమ్మా, గంపల ఏమన్న ఉంటె టికెట్ అయితది" అంటే, "పోయేటప్పుడు గాలే ఉన్నది, వచ్చేటప్పుడు అడుగు" అన్నాను. బస్సులో వాళ్లు నవ్వారు. నేను లోపల మాటలు పేర్చుకుంటున్నాను, ఆమెను ఎట్లా తిట్టాలో.

తండా చివర మట్టి గోడల మేకల కొట్టం. దాని యజమానురాలు లంబాడీ ఆమె, నా ఈడుదే. ఇంటికి వచ్చిన నన్ను చూసి ముందు నీళ్లిచ్చింది. కొట్టంలో మా యారాలు కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది. ఒళ్లో ఒక పిల్ల, పక్కన గొంగడి మీద ఇంకొన్ని. మేకపాలలో గుడ్డ ముంచి వాటి నోట్లో పెడుతోంది. అవి ప్రాణమున్న గొర్రెపిల్లల్లాగా లేవు, తడిసిన సంచుల్లాగా ఉన్నాయి. చనిపోయినవి ఎన్ని అని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. లంబాడీ ఆమె మాత్రం చెప్పింది, "తల్లులు ఎనక్కి ఎనక్కి మర్లినయమ్మా. మీ ఆయన కొట్టుకుంట కొట్టుకుంట తోలుకపోయిండు ఆటిని. అరుపులు ఊరవతలి దాంక ఇనబడె." మీ ఆయన అని ఆమె అన్నది మా మరిదిని. సరిదిద్దే ఓపిక నాకు లేకపోయింది.

"ఇంటికి పోదం పా, చెల్లె" అన్నాను. తిట్టడానికి పేర్చుకున్న మాటల్లో ఒక్కటీ పైకి రాలేదు.

యారాలు నా వైపు చూడలేదు. పిల్ల నోట్లో గుడ్డ పెడుతూనే అంది, "ఈటిని ఇడిసి ఎట్లొస్త అక్కా. వానల దాంక ఈడనే ఉంట. బువ్వకు ఫికరు లేదు, ఈమెకు మిర్చి ఏరి పెడ్తున్న. ఉత్తగ తింటలేను."

నేను కూర్చున్నాను. ఏదో ఒకటి అనాలి కాబట్టి, పాలు చల్లగా తాగిస్తే పిల్లలకు పారుకుంటుంది, కొంచెం వెచ్చబెట్టమని చెప్పాను. అది నిజమైన సలహానే. కాని అప్పుడు ఆమెకు చెప్పవలసిన మాట అది కాదు. కొంగున కట్టి తెచ్చిన సద్దరొట్టెలు అక్కడ పెట్టి, ఖాళీ గంపలు ఒకదానిలో ఒకటి పెట్టుకుని తిరిగి బస్సెక్కాను. వాకిలి దాటుతుంటే వెనక కొట్టంలో లంబాడీ ఆమె తన భాషలో ఏదో అంది, యారాలు పకపకా నవ్వింది. మా ఇంట్లో ఆమె అట్లా నవ్వగా నేను ఎప్పుడూ వినలేదు. ఆ నవ్వు విన్నాకనే నాకు ఏడుపు వచ్చింది, పిల్లలను చూసి కాదు.

వానలకు ఆమె మందతో కలిసి తిరిగొచ్చింది, బతికిన పిల్లలు వెంట నడిచాయి. తండాలో సాకిన పిల్లల్లో సగం సాకిన ఇంటికి ఇచ్చే ఆనవాయితీ మాది. ఇచ్చే వచ్చామని మరిది చెప్పాడు. అంతే, ఇంట్లో ఎవరూ ఆ సంగతి ఎత్తలేదు. ఆ తర్వాత ఏటా దసరా వెళ్లగానే పొట్టేలుకు గుడ్డ సరిగా ఉందా లేదా అని ఆమే చూసేది, ఆషాఢంలో ఆమే విప్పేది. నేను దొడ్డిలో ఉంటే ఆ పని నా ముందు చేసేది కాదు. మోకాళ్లు అరిగి మంద నడపడం మానేదాకా ప్రతి వేసవీ ఆ తండాలో నాలుగు రోజులు ఆగి పోయేది. నన్ను అక్కా అని పిలవడం, నా పిల్లలకు తల దువ్వడం, నా పక్క మంచం మీద పడుకోవడం, ఏదీ మానలేదు. ఒక్క రోజు కోపంగా చూసి ఉంటే నేను తిరిగి కోపగించుకుని బతికేదాన్ని.

మొన్న ఆ పిల్ల చేతులు కడుక్కుని తిరిగొచ్చి మళ్లీ అడిగింది, "ఇప్పుడు మనం మందను నడిపిస్తలేం గద అవ్వా. బోరు కింద గడ్డి ఏసినం. సైత్రంల ఈన్తె ఏమైతది?" తను అన్నదాంట్లో న్యాయం ఉంది. నేను నోరు తెరిచేలోగా యారాలు అడిగింది, "బోరు సైత్రంల సుత పోస్తదా?"

"పోయినేడు ఆగిపోయె చిన్నవ్వా."

"మరి? కోసి మేపెటోడు, ఎండల్ల పచ్చిగడ్డి ఉన్నోడు ఇప్పుకుంటడు. ఫోన్ల చెప్పినాయనకు కాల్వ ఉన్నదేమో అడిగినవా? మనది ఆషాఢం దాంక ఉండనియ్యి. ఉత్తగ తినే గొర్రె యాడుంటదే పిచ్చిదానా. పెంట పెడ్తలేదా, ఆ పెంటతోని నీ గడ్డి లేస్తలేదా."

పిల్ల నవ్వి, పెంట ఎత్తడం తన పనేనని గొణుక్కుంటూ దొడ్డిలోకి పోయింది. మేమిద్దరం మిగిలాం. ఇక ఎప్పుడు అడుగుతానని నాకే అనిపించి, "చెల్లె, ఆనాడు పొయ్యి కాడ నేనొక మాటన్న" అన్నాను.

ఆమె మరిచిపోయానంటుందనో, గొర్రెల గురించే గద అంటుందనో ఎదురుచూశాను. రెంటికీ సిద్ధంగానే ఉన్నాను.

"యాదికున్నది" అంది. ఒక కాయ ఒలిచి, పుచ్చు గింజ ఏరి పారేసి, మళ్లీ అంది. "గప్పుడు నా గురించి నేను సుత గట్లనే అనుకుంటుంటి అక్కా. అందుకే ఏమనలే. ఆ తండల పిల్లలకు పాలు తాపినంక గట్ల అనుకునుడు బందైంది."

తర్వాత చాట నా వైపు జరిపి, కూర్చున్నదానివి కొన్ని ఒలువు అంది. ఒలిచాను. అనాల్సిన మాట అప్పుడైనా అనలేదు, ఆమె అడగలేదు. కార్తీకంలో పొద్దు తొందరగా గూకుతుందని అందరూ అంటారు. ఆ రోజు నాకు మాత్రం ఎంతకీ గూకలేదు.