మోకాళ్ళ మీద ఆడించుట

యుద్ధం రోజుల్లో బెజవాడలో అమ్మిన సిరా బిళ్ళల మీద నాకు ఇప్పటికీ కోపం తీరలేదు. బిళ్ళను నీళ్ళలో వేస్తే బిళ్ళ కరిగేది, నీళ్ళు మాత్రం నీళ్ళలాగే ఉండేవి. పొద్దున రాసింది సాయంత్రానికి కనబడేది కాదు. నేను రాసేవాటిలో చాలావాటికి అదే తగిన గతి అనుకోండి. కానీ ఆ సంగతి తేల్చవలసింది సిరా కాదు.

అప్పట్లో గవర్నర్‌పేటలో ఒక పుస్తకాల షాపాయన బడిపిల్లల కోసం ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు వేయదలచి, బి.ఏ. పాసై ఇంట్లో కూర్చున్నానని ఆ పని నాకు అప్పగించాడు. ఏడాది తిరిగేసరికి ‘డి’ దాకా వచ్చాను. అప్పటికే నడుము పడిపోయింది. అక్కడ డాండిల్ అనే మాట అడ్డం వచ్చింది. పిల్లను ఒళ్ళో పెట్టుకుని ఎగరేస్తూ ఆడించడమట. ‘సి’లో కడిల్ అయిపోయింది, అంటే దగ్గరగా హత్తుకోవడం. ముందు ‘ఎఫ్’లో ఫాండిల్ కాచుకుని ఉంది, అంటే ముద్దుగా నిమరడం. పిల్లల్ని ఆయాలకు వదిలేసే దొరలకు ఇన్ని మాటలెందుకో నాకు బోధపడలేదు. తీరిక దొరికి ఉంటుంది.

మా అమ్మాయికి అప్పుడు ఎనిమిదో నెల. పురుడు ఉయ్యూరులో, మా అత్తవారింట. ఐదో నెలలో మా ఇంటికి తీసుకొచ్చారు. వచ్చిన దగ్గర్నుంచి నేను దాన్ని ఎత్తుకోలేదు. మా ఇళ్ళలో పెద్దవాళ్ళ ఎదుట మగవాడు సొంత బిడ్డను ఎత్తుకోవడం మర్యాద కాదు. అన్న బిడ్డను ఎత్తుకోవచ్చు, పక్కింటి బిడ్డను ఎత్తుకోవచ్చు. తన బిడ్డతోనే చిక్కు. మా నాన్నగారు తాలూకా కచేరీలో రిటైరై, పగలల్లా హాల్లో పడక కుర్చీలోనే ఉండేవారు. నేనేమో వీధరుగు మీద, ఇంటికి వీపు పెట్టి, రాసుకుంటూ ఉండేవాణ్ణి. రాత్రి పిల్ల నిద్రపోయాక కదిపితే మా ఆవిడ ఊరుకునేది కాదు. అంచేత మా అమ్మాయి నా వీపును బాగానే ఎరుగును. అది ఒక్కసారి నా చేతుల్లో నవ్వితే చాలునని నాకుండేది. అడగడానికి ఎవరూ లేరు.

పక్క వాటాలో ఆస్పత్రి కాంపౌండరు ఉండేవాడు. క్రైస్తవులు. తండ్రి ఎదుటే కొడుకును భుజాన కూర్చోబెట్టుకుని తిరిగేవాడు. “వాళ్ళ పద్ధతి వేరులే” అనేవారు మా నాన్నగారు, చూపు మాత్రం అటునుంచి తిప్పకుండా.

ఒక సాయంత్రం కాంపౌండరు డ్యూటీ దిగి వచ్చి మా అరుగు మీద కూలబడ్డాడు.

“ఏమండీ, ఇంకా ‘డి’లోనే ఉన్నారా? నేను రిటైరయ్యేలోపు ‘జెడ్’ చూస్తానంటారా?”

“మీ చేతిలోనే ఉందండీ. ఏదైనా మందిచ్చి చూడండి.”

ఆయన నవ్వి, గడప దాకా పాక్కుంటూ వచ్చిన మా అమ్మాయిని అందుకున్నాడు. చంకల కింద చేతులు వేసి, మోకాళ్ళ మీద నిలబెట్టి, ఒక మోకాలి తర్వాత ఒక మోకాలు ఎగరేశాడు. అది కిలకిలా నవ్వింది. నేను సిరాను నమ్మక పెన్సిలు తీసి, చూసింది చూసినట్టు రాసుకున్నాను: ‘పిల్లను చంకలక్రింద పట్టి, మోకాళ్ళపై నిలిపి, ఎగురవేయుచు ఆడించుట.’

“ఏరా, అంత దీక్షగా ఏం రాస్తున్నావు?” అన్నారు నాన్నగారు లోపల్నుంచి.

“ఏం లేదండీ. ఒక మాటకి అర్థం.”

తర్వాత షాపాయన అది చదివి, “ఇదొక్కటీ అనుభవం మీద రాసినట్టుందండీ” అని మెచ్చుకున్నాడు. నేను కాదనలేదు.

ఆ మరుసటి వారం నాన్నగారు పెళ్ళికని పామర్రు బయల్దేరారు. పెట్రోలు దొరక్క బొగ్గుతో నడిపే బస్సు, ఎప్పుడు మొరాయిస్తుందో తెలియదు గనక, నిజంగా కదిలేదాకా నిలబడి చూసి, అప్పుడు ఇంటికి వచ్చాను. మా అమ్మాయి హాల్లో చాప మీద ఉంది. పడక కుర్చీ ఖాళీగా ఉంది. చేతులు కడుక్కుని, రాసుకున్నది రాసుకున్నట్టు చేశాను. చంకల కింద పట్టాను. మోకాళ్ళ మీద నిలిపాను. ఎగరేశాను.

అది నా మొహంలోకి కాసేపు చూసింది. కింది పెదవి ముందుకొచ్చింది. తర్వాత ఏడుపు మొదలుపెట్టింది. ఇంకాస్త ఎగరేస్తే నవ్వుతుందేమోనని నేను ఆపలేదు. నవ్వలేదు.

మా ఆవిడ వంటింట్లోంచి చేతికంటిన పిండి దులుపుకుంటూ వచ్చి, పిల్లను తీసుకుని, గోడవారగా కూర్చుని పాలివ్వబోయింది. పిల్ల తల తిప్పి, నేను అక్కడే ఉండడం చూసి, మళ్ళీ ఏడుపు అందుకుంది.

“మీరు కాస్త బయటికెళ్ళండి. కొత్త మొహం కనబడితే అది పాలు తాగదు” అంది మా ఆవిడ.