ఒక్కపూట రోగి

సిరిసిల్లలో మా బిడ్డ ఇంటి దగ్గరున్న చిన్న క్లినిక్‌లో మోకాళ్లు చూపించుకుందామని పోయాను. తలుపు తీయగానే కరిగిన మైనం వాసన తగిలింది. పట్టేసిన వేళ్లను ఆ వేడి మైనంలో ముంచుతారు. ఆ వాసనకు సుజాత మేడం గుర్తొచ్చింది. ఆమె పోయి రెండేళ్లు.

నేను కోరుట్లలో ముప్పై ఏళ్లు బీడీలు చేశాను. ఒకనాడు మా వాడకు ఆటో వచ్చింది. జగిత్యాలలో ఒక ఫిజియోథెరపీ కాలేజీకి తనిఖీ ఉందట, మంచాల మీద రోగులు కనబడితేనే గుర్తింపు వస్తుందట. మేం పోయి పడుకోవాలి, అడిగితే నెల నుంచి వస్తున్నామనాలి. అన్నం పెడతామన్నారు, పోయాం. రిజిస్టరులో నెల రోజుల వేలిముద్రలు ఒక్కసారే వేయించారు. అప్పట్లో నాకు అక్షరం రాదు. తప్పని కూడా అనిపించలేదు.

సుజాత మేడం అక్కడ, ఇదే మైనం వాసన వేసే గదుల్లో, పాఠాలు చెప్పేది. తనిఖీవాళ్లు రాకముందే మమ్మల్ని వరుసగా చూస్తూ నా దగ్గర ఆగి, రిజిస్టరులో పేరు చూసింది.

"చెయ్యి పైకి లేపు, రాజవ్వా."

"లెవ్వది మేడం. ఏడాదాయె. జడ గూడ బిడ్డనే ఏస్తది."

"దవాఖానకు పోలేదా?"

"పని ఇడిసిపెట్టి ఎవలు పోతరు? ఇయ్యాల అన్నం పెడ్తమంటే అచ్చిన."

పక్క మంచాలవాళ్లు నవ్వారు. మేడం నవ్వలేదు. తనిఖీవాళ్లు రాగానే ఎదురుగా నిలబడి చెప్పింది: "వీళ్లంతా ఇయ్యాలే వచ్చిండ్రు సార్. ఈ రిజిస్టర్ అబద్ధం. ఈమె భుజం మాత్రం నిజం."

గుర్తింపు ఆగింది. నిజమైన రోగులను చూపితే మళ్లీ వస్తామని వాళ్లు వెళ్లిపోయారు. ఒక విద్యార్థిని ఏడుస్తూ మేడం మీదికి వచ్చింది. "మా సదువులు మునిగినయ్ మేడం, మీకు సంబురమేనా?"

"ఒక్క భుజం వట్టి సూడకుంట సర్టిఫికెట్ తీస్కొని ఏం జేస్తవ్ బిడ్డా?"

మరుసటి వారం నుంచి మేడం కాలేజీ పిల్లలను వెంటబెట్టుకుని కోరుట్లకు వచ్చేది. బీడీలు అప్పజెప్పడానికి కార్ఖానా ముందు వరుసలో నిలబడతాం కదా, ఆ వరుసలోనే మా మెడలు, భుజాలు చూసేవారు. రిజిస్టరు తెరిస్తే నేను బొటనవేలు చాపాను. ఆమె పక్కకు నెట్టింది.

"వేలు ఎవలైనా వట్టి పెట్టిస్తరు. పేరు నువ్వే రాయాలె."

"గీ వయసుల సదువేంది మేడం?"

"ముప్పై ఏండ్లు ఆకు కత్తిరిచ్చినవ్. మూడక్షరాలు రావా?"

గోడ మీద సుద్దతో 'రా' రాసింది, దానిపైన 'జ', ఇంకా పైన 'వ్వ'. వేళ్లను గోడ మీద పైకి పాకిస్తూ ఒక్కో అక్షరం దిద్దాలి. 'జ' దగ్గర భుజం నొప్పికి కళ్లలో నీళ్లు తిరిగేవి. 'వ్వ' అందడానికి మూడు నెలలు పట్టింది.

రెండోసారి తనిఖీ రోజు బస్సెక్కి నేనే జగిత్యాల పోయాను. రిజిస్టరు చూసి "రాజవ్వ ఎవరు?" అన్నారు. చెయ్యి ఎత్తాను, తలపైకి. ఆ ఏడు కాలేజీకి గుర్తింపు వచ్చింది.

ఇవాళ క్లినిక్ పిల్ల నా మోకాలికి కసరత్తు చేయించి కాగితం ముందు పెట్టింది. "అవ్వా, వారం రోజుల సంతకాలు ఒక్కసారే పెట్టు."

ఇవాళ్టి గడిలో పేరు రాసి పెన్ను కింద పెట్టాను.

"కడమ రోజులయి?"

"గా రోజులు నేనింకా రాలే గదనే."